నిషేధించిన యాప్‌లో మిగిలిపోయిన మా అమ్మ పాటలు తిరిగి దొరికే మార్గం ఉందా?

పద్మ_కృష్ణలంక

మా అమ్మ 2021 మే నెలలో, కరోనా రెండో దశలో మమ్మల్ని విడిచి వెళ్లింది. అంతకు రెండేళ్ల ముందు మా అన్నయ్య కూతురు ఆమె ఫోనులో టిక్‌టాక్ పెట్టి, ఎలా వాడాలో నేర్పింది. అమ్మ ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి కావడంతో వాట్సాప్‌లో ఒక్క వాక్యం రాయడానికి కూడా జంకేది. ఆ యాప్‌లో రాయవలసిన పని లేదు కనుక సాయంత్రం దీపం పెట్టాక వరండాలో కూర్చుని నలుగు పాటలు, గొబ్బి పాటలు, అప్పగింతల పాటలు పాడి, ఎవరి సాయమూ లేకుండా తనే పెట్టుకునేది. అవి మా అమ్మమ్మ దివిసీమలో పెళ్లిళ్లకు వెళ్లి పాడిన పాటలు. నాకు తెలిసినంతలో ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు.

2020 జూన్ 29 రాత్రి 59 చైనా యాప్‌లను నిషేధించినట్లు వార్తల్లో చెప్పారు. మరునాడు సాయంత్రానికి ఆ యాప్ పని చేయలేదు. అమ్మ మరో నాలుగు రోజులు దాన్ని తెరిచి చూసి, ఆ తరువాత అడగడం మానేసింది. అప్పుడు మేమెవరం దాన్ని పట్టించుకోలేదు. పది నెలలకు ఆమె పోయాక, ఆమె గొంతు మా దగ్గర రెండు ఫోను సంభాషణల్లో తప్ప ఎక్కడా లేదని తెలిసింది.

నేను అడగదలచుకున్నవి రెండు. ఆ పాటలను వెనక్కి తెచ్చుకునే దారి ఇప్పుడైనా ఉందా? దేశ భద్రత కోసం మూసివేయడం అవసరమే అనుకున్నా, ఎవరి వస్తువులు వారు తీసుకోవడానికి ఒక్క వారం ఎందుకు ఇవ్వలేకపోయారు?

సెల్లుమెకానిక్_బాషా

రెండో ప్రశ్నకు పెద్దలు సమాధానం చెబుతారు కానీ, మొదటిదాని గురించి కొంత నేను చెప్పగలను. బీసెంటు రోడ్డులో పద్దెనిమిదేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. ముందుగా మీ అమ్మగారి పాత ఫోను ఎక్కడ ఉందో చూడండి. పాట పెట్టిన తరువాత వీడియోను ఫోనులో కూడా దాచుకునే సదుపాయం ఆ యాప్‌లో ఉండేది. ఆమె దాన్ని ఎంచుకుని ఉంటే, కదిలే టిక్‌టాక్ గుర్తుతో సహా ఆ వీడియోలు గ్యాలరీలో మిగిలి ఉంటాయి. యాప్‌లో సగంలో వదిలేసిన వీడియోలు మాత్రం యాప్ తీసేసినప్పుడే పోతాయి. బంధువులకు వాట్సాప్‌లో పంపారేమో, గూగుల్ ఫొటోస్‌లో చేరాయేమో కూడా వెతకండి.

ఒక హెచ్చరిక. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జింగు పెట్టవద్దు. ఎవరైనా ఫ్లాషింగు (ఫోను సాఫ్ట్‌వేరు మళ్లీ ఎక్కించడం) చేసి ఇస్తామంటే ఒప్పుకోవద్దు, లోపల మిగిలినది కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

మాజీసైనికుడు_గుణదల

అమ్మా పద్మా, మీ బాధను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ నిర్ణయం ఏ రోజుల్లో వచ్చిందో గుర్తు చేసుకోవాలి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది ప్రాణాలు అర్పించారు. వారిలో కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేటవారు. బెజవాడ నుంచి హైదరాబాదు రోడ్డెక్కితే దారిలోనే తగిలే ఊరు. రెండు వారాలు గడిచాక నిషేధం వచ్చింది. చైనా 2017లో తెచ్చిన జాతీయ గూఢచార చట్టంలోని 7వ అధికరణం ప్రకారం అక్కడి సంస్థలూ పౌరులూ గూఢచార విధులకు సహకరించి తీరాలి. అలాంటి చట్టం కింద పనిచేసే సంస్థ చేతిలో దాదాపు 20 కోట్ల మంది భారతీయుల ముఖాలు, గొంతులు, తిరిగే చోట్లు ఉన్నాయని తెలిసినప్పుడు తలుపు మూయడానికి గడువు ఇవ్వడం ఎలా సాధ్యం?

పద్మ_కృష్ణలంక

బాషా గారూ, ఫోను ఉంది కానీ తెర పగిలింది, ఆన్ కావడం లేదు. బీరువాలో గుడ్డలో చుట్టి ఉంచాను.

గుణదల బాబాయి గారూ, తలుపు మూసినందుకు నాకు కోపం లేదండీ. లోపల ఉండిపోయిన దాని గురించే అడుగుతున్నాను.

పటమట_రవి

కఠినంగా అనిపిస్తే మన్నించండి. ఉచితంగా ఇచ్చిన చోట మనం పెట్టుకున్న దాని మీద మనకు హక్కు ఏముంటుంది? కావలసినది ముందే దాచుకోవలసింది. ప్రభుత్వం ఒక్కొక్కరి వీడియోల గురించి ఆలోచిస్తూ కూర్చోదు.

గుంటమగ్గం_మంగళగిరి

రవి గారూ, కొట్టు అద్దె కట్టకపోతే ఖాళీ చేయించే యజమాని కూడా సామాను బయట పెట్టుకోమని ఒక పూట గడువు ఇస్తాడు. మా అద్దె బాకీ కూడా లేదు.

మాది మంగళగిరి. లాక్‌డౌన్‌లో అమ్మకాలు ఆగిపోయి, నేసిన చీరలు ఇంట్లో దొంతర్లుగా పడి ఉన్నప్పుడు మా ఆయన మగ్గం మీద నేస్తుంటే నేను ఫోనులో తీసి టిక్‌టాక్‌లో పెట్టాను. నిజాం అంచు ఎలా తిరుగుతుందో, గుంటలో కాళ్లు ఎలా ఆడతాయో చూపించాను. మే, జూన్ నెలల్లో నలభై ఒక్క చీరలు అమ్ముడయ్యాయి. కొన్నవారిలో సగానికి పైగా అనంతపురం, ఆదోని వైపు ఆడవాళ్లు. వారి ఫోను నంబర్లు మా దగ్గర లేవు, మాటలన్నీ ఆ యాప్‌లోనే జరిగాయి. మూతపడిన రోజున ఆరుగురు డబ్బు పంపి, చీర కోసం ఎదురుచూస్తున్నారు. ఇద్దరి చిరునామాలు నోటు పుస్తకంలో రాసుకున్నాను కనుక పంపగలిగాను. మిగతా నలుగురికి చీర ఎక్కడికి పంపాలో తెలియలేదు. వారు మమ్మల్ని మోసగాళ్లనుకుని ఉంటారన్న తలపు నన్ను ఇప్పటికీ వదలదు. తరువాత ఇన్‌స్టాగ్రామ్‌కు వెళ్లాము, కానీ ఆదోని ఆడవాళ్లు అక్కడికి రాలేదు.

లెక్కలమాస్టారు_సత్యనారాయణపురం

మంగళగిరి అమ్మాయి చెప్పిన చివరి మాట చాలా ముఖ్యమైనది. ఆ యాప్‌ను చదువు తక్కువైనవారు, పల్లెల్లో ఉన్నవారు, ఇంగ్లీషు రానివారు వాడారు. పట్నపు చదువరులు దాన్ని చిన్నచూపు చూశారు కనుక, అది పోయినప్పుడు ఏమి పోయిందో పత్రికల్లో పెద్దగా చర్చకు రాలేదు. ఆ రాత్రి మూసింది జీమెయిల్ అయి ఉంటే సంపాదకీయాలు వచ్చేవి.

నిషేధం పిల్లలను బాగుచేసిందనే వాదనను కూడా నేను అంగీకరించలేను. 2020 జూలై 8న, అంటే పదో రోజు కూడా నిండకుండానే, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలో మొదలైంది. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది. నా తరగతిలో వెనుక బెంచీ పిల్లవాడి బొటనవేలు కదలిక ఏమీ మారలేదు. యజమాని మాత్రం మారాడు.

మాజీసైనికుడు_గుణదల

మాస్టారూ, యజమాని మారడమే కదా మేము అడిగినది. పిల్లల అలవాటు ఇంట్లో తల్లిదండ్రులు, బడిలో మీరు చూసుకోవలసిన విషయం. సరిహద్దులో మనతో తలపడుతున్న దేశపు సంస్థ చేతిలో మన సమాచారం ఉండకూడదన్నది వేరే విషయం. ఈ రెండింటినీ కలపవద్దని నా మనవి.

బ్రాడీపేట_న్యాయవాది

చర్చ బాగా సాగుతోంది కనుక చట్టం ఏమి చెబుతుందో కొంత వివరంగా రాస్తాను.

2020 జూన్ 29 నాటి నిషేధం సమాచార సాంకేతిక చట్టం, 2000 లోని 69ఏ సెక్షను కింద వచ్చింది. దేశ సార్వభౌమత్వం, రక్షణ, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు వంటి కారణాల మీద ఏ సమాచారాన్నయినా ప్రజలకు అందకుండా ఆపమని ఆదేశించే అధికారం కేంద్రానికి ఆ సెక్షను ఇస్తుంది. దాని కింద 2009లో నిబంధనలు చేశారు. మామూలుగా అయితే సంబంధిత వ్యక్తికి గానీ సంస్థకు గానీ నోటీసు ఇచ్చి, వారి మాట విన్నాకే అధికారుల కమిటీ సిఫారసు చేయాలి. అత్యవసరమైతే 9వ నిబంధన కింద ముందు ఆపి, 48 గంటల లోపల కమిటీ ముందు పెట్టవచ్చు. 16వ నిబంధన ఈ వ్యవహారాన్నంతా గోప్యంగా ఉంచమంటుంది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతలకు శిక్ష వేసే 66ఏ సెక్షనును కొట్టివేసింది కానీ, 69ఏను మాత్రం నిలబెట్టింది. కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి కనుక అన్యాయమనుకున్నవారు హైకోర్టుకు వెళ్లవచ్చునన్నది అందుకు చూపిన ఆధారాల్లో ఒకటి. కారణాలు గోప్యమైనప్పుడు పద్మ గారి తల్లి వంటివారు దేన్ని పట్టుకుని హైకోర్టు మెట్లు ఎక్కాలన్నది నాకు అప్పటి నుంచీ అర్థం కాని ప్రశ్న.

గమనించవలసినది ఏమిటంటే, యాప్ మొత్తాన్ని ఆపే సందర్భంలో ఇద్దరే కనిపిస్తారు. ఆపేది ప్రభుత్వం, ఆపించుకునేది సంస్థ. అందులో తన వస్తువు పెట్టుకున్న మూడో మనిషికి దాన్ని వెనక్కి తీసుకునే దారి ఈ నిబంధనల్లో రాయలేదు.

అమెరికా ఇదే యాప్ మీద చేసిన చట్టాన్ని పక్కన పెట్టి చూడండి. 2024 ఏప్రిల్ 24న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన ఆ చట్టం, చైనా యజమాని యాప్‌ను అమ్మేయడానికి 270 రోజుల గడువు ఇచ్చింది. గడువు కంటే నాకు ముఖ్యంగా తోచినది మరొకటి ఉంది. నిషేధం అమల్లోకి రాకముందే, ఖాతాదారు అడిగితే, అతని టపాలు, ఫొటోలు, వీడియోలతో సహా అందుబాటులో ఉన్న సమాచారమంతా యంత్రం చదవగలిగే రూపంలో ఆ సంస్థ అతనికి అప్పగించాలని ఆ చట్టంలోనే రాశారు. పద్మ గారు అడిగినది సరిగ్గా ఇదే. ఇది అసాధ్యమైన కోరిక కాదు, ఒక దేశం చట్టంలో రాసుకున్న విషయం.

డాలస్_గుంటూరబ్బాయి

న్యాయవాది గారు చెప్పినది నేను ఇక్కడ కళ్లారా చూశాను. 2025 జనవరి 17న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా సమర్థించింది. 18వ తేదీ రాత్రి యాప్ ఆగిపోయింది. మరునాడు మళ్లీ తెరుచుకుంది. నా సహోద్యోగుల్లో చాలామంది అంతకు ముందే తమ వీడియోలు దింపుకుని పెట్టుకున్నారు. ఏడ్చినవారు ఉన్నారు కానీ, పోగొట్టుకున్నవారిని నేను చూడలేదు.

పద్మ గారూ, ఒక విషయం. ఆ యాప్ భారతీయుల పాత ఖాతాలను తుడిచివేయలేదు. ఇండియా నుంచి చూడలేరు అంతే. బయటి దేశాల్లో చాలా ఖాతాలు 2020 జూన్‌లో ఎక్కడ ఆగాయో అక్కడే ఉన్నాయి. మీ అమ్మగారి ఖాతా పేరు గుర్తుంటే నాకు విడిగా పంపండి. ఇక్కడ అందరి ముందూ రాయవద్దు.

పద్మ_కృష్ణలంక

ఇది నాకు తెలియదు తమ్ముడూ. ఖాతా పేరు మా అన్నయ్య కూతురికి తెలిసి ఉండాలి. ఇప్పుడే ఫోను చేస్తున్నాను.

మాజీసైనికుడు_గుణదల

న్యాయవాది గారి అమెరికా ఉదాహరణలోనే నా వాదనకు బలం ఉంది. 270 రోజుల గడువు ఇచ్చారు. కోర్టు సమర్థించింది. ఆ తరువాత ఏమైంది? కొత్త అధ్యక్షుడు 2025 జనవరి 20న, కుర్చీ ఎక్కిన రోజే అమలును 75 రోజులు వాయిదా వేశారు, ఆ పైన మళ్లీ మళ్లీ పొడిగించారు. భద్రత పేరుతో మొదలైనది వ్యాపార బేరంగా మారింది. గడువు ఇస్తే ఇలాగే జరుగుతుంది. మన ప్రభుత్వం ఒక్క రాత్రిలో తేల్చింది, 2021 జనవరిలో శాశ్వతం చేసింది.

బ్రాడీపేట_న్యాయవాది

గడువు బేరానికి దారి తీసిందన్న మీ మాటను నేను కాదనను. నేను కోరేది వేరు. కొత్త వీడియో ఎక్కించడం, చూడడం, వెతకడం ఆ రాత్రే ఆపేయవచ్చు. పాతవి దింపుకునే కిటికీ ఒక్కటి ఏడు రోజులు తెరిచి ఉంచమని అదే ఆదేశంలో రాస్తే, చైనాకు కొత్తగా చేరే సమాచారం ఎంత? ఆ పాటలు అప్పటికే వారి సర్వరులో ఉన్నాయి. మనం మూసిన తలుపు వల్ల అవి వారికి దూరం కాలేదు, మనకే దూరమయ్యాయి.

మాజీసైనికుడు_గుణదల

ఈ కోణంలో నేను ఆలోచించలేదు. దింపుకోవడానికి యాప్ తెరవాలి కదా, తెరిచినప్పుడు ఫోనులోని మిగతా సమాచారం లాగదా అన్న అనుమానం మాత్రం ఉంది.

సెల్లుమెకానిక్_బాషా

యాప్ అక్కరలేదండీ. వెబ్‌సైటు పుటలో పేరు, సంకేతపదం కొట్టి దింపుకునేలా చేయించవచ్చు. ఫోను జోలికే పోదు.

భద్రత గురించి నాకున్న సందేహం ఇంకొకటి. ఆ 59లో, ఫోన్లు తయారు చేసే షావోమీ వారి రెండు యాప్‌లు ఉన్నాయి. ఆ యాప్‌లు ఆగాయి, ఆ ఫోన్లు ఆగలేదు. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే 2015 నుంచి వాటిని బిగించారు. నా కొట్టుకు వచ్చే పది ఫోన్లలో ఆరేడు చైనా సంస్థలవే. ఫోను తయారు చేసినవాడిని నమ్మి, అందులోని పాటల యాప్‌ను నమ్మకపోవడం ఏమిటని అడిగిన కస్టమరుకు నేను ఈనాటికీ సమాధానం చెప్పలేకపోయాను.

తేజమిర్చి_గుంటూరు

టిక్‌టాక్ గురించే అందరూ మాట్లాడుతున్నారు. ఆ జాబితాలో, చైనావారు వాట్సాప్‌లా వాడే వీచాట్ కూడా ఉంది. గుంటూరు మిర్చి వ్యాపారికి అది దెబ్బ.

మన తేజ రకానికి చైనా పెద్ద కొనుగోలుదారు. యార్డుకు వచ్చిన సరుకులో నుంచి పది కాయలు అరచేతిలో పెట్టి వీడియో తీస్తే, అక్కడి కొనుగోలుదారు రంగు, తొడిమ, తాలు కాయల శాతం చూసి ధర చెప్పేవాడు. అనువాదం కూడా ఆ యాప్ చేసేది. వాట్సాప్ చైనాలో పనిచేయదు, వీచాట్ ఇక్కడ పనిచేయదు. మధ్యలో ఈమెయిలు మిగిలింది. ధర గంటగంటకూ కదిలే సరుకుకు ఈమెయిలు సరిపోదు.

నిషేధానికి ముందు నేను పంపిన సరుకు మీద తేమ ఎక్కువ ఉందని కొనుగోలుదారు ధర తగ్గించాడు. పంపే ముందు అతను వీడియోలు చూసి ఒప్పుకున్న సంభాషణ వీచాట్‌లో ఉంది. అది నాకు తెరుచుకోలేదు. అతని ఫోనులో ఉంది, అతను చూపించడు. లెక్క వేసుకుంటే ఒక్కో టిక్కీ (బస్తా) మీద నేను పోగొట్టుకున్నది చిన్న మొత్తమే కానీ, సరుకు మొత్తానికి అది ఆ ఏడాది నా లాభం.

అయినా గుణదల సార్ మాటను నేను గౌరవిస్తాను. సైనికుడి ప్రాణం ముందు మిర్చి లెక్క కాదు. నా సంభాషణ కాగితం నాకు ఇప్పించి మూసేస్తే చేతులెత్తి మొక్కేవాడిని.

తెనాలి_డాక్టరమ్మ

మిర్చి అంకుల్ మాట చదివి రాయాలనిపించింది. నేను చైనాలో వైద్య విద్య చదివాను. 2020 జనవరిలో సెలవులకని తెనాలి వచ్చి, మళ్లీ వెళ్లడానికి రెండున్నరేళ్లు ఆగవలసి వచ్చింది. విద్యార్థులకు వీసాలు 2022 ఆగస్టులో గానీ మొదలు కాలేదు. ఆ మధ్యకాలమంతా పాఠాలు వీచాట్‌లో, డింగ్‌టాక్ అనే మరో చైనా యాప్‌లో చెప్పారు. మొదటిదాన్ని 2020 జూన్‌లో, రెండోదాన్ని నవంబరులో నిషేధించారు. హాజరు వేయలేక, పాఠం వినలేక, నోట్సు అడగడానికి తోటి విద్యార్థులను పట్టుకోలేక మేము పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. మా నాన్నగారు నా చదువుకు పొలం తాకట్టు పెట్టారు. మాలాంటివారు దేశం మొత్తం మీద వేల సంఖ్యలో ఉన్నారు.

మినహాయింపు కోరుతూ ఒక దరఖాస్తు పెట్టుకునే చోటు ఉండి ఉంటే చాలు. అలాంటి చోటే లేదు. దేశానికి వ్యతిరేకంగా నేనేమీ అడగలేదు, శరీర నిర్మాణ శాస్త్రం పాఠం అడిగాను.

పటమట_రవి

వరుసగా ఇన్ని సంఘటనలు చదివాక నా మొదటి మాట తొందరపాటని ఒప్పుకుంటున్నాను. అయితే దీనికి అసలు మందు మన సొంత యాప్‌లు తయారు చేసుకోవడమే కదా? మన దేశపు సంస్థ అయితే ఇలా రాత్రికి రాత్రి పోదు.

లెక్కలమాస్టారు_సత్యనారాయణపురం

రవీ, ట్విట్టర్ లాంటి కూ యాప్ మన బెంగళూరుదే. మంత్రులు, ప్రభుత్వ శాఖలు కూడా అందులో ఖాతాలు తెరిచారు. తెలుగులో హాయిగా రాసుకునేవాళ్లం. 2024 జూలైలో నడపలేక మూసేశారు. తెలుగు పద్యాల మీద నేను రాసుకున్న వ్యాఖ్యలు అందులో మూడు వందలకు పైగా ఉండేవి. యజమాని స్వదేశీయుడైనా విదేశీయుడైనా మూతపడే రోజు ఒకటి ఉంటుందని దాన్ని చూశాకే తెలుసుకున్నాను.

చైనాను మాత్రమే అనుమానించడం కూడా సరిపోదు. కేంబ్రిడ్జ్ అనలిటికా అనే ఎన్నికల సలహా సంస్థ వ్యవహారంలో 5.62 లక్షల మంది భారతీయుల వివరాలు చేతులు మారి ఉండవచ్చని 2018లో ఫేస్‌బుక్ సంస్థే చెప్పింది. ఫేస్‌బుక్ అమెరికా సంస్థ. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసినప్పుడు భీమవరం రొయ్యల రైతులు ఎంత నలిగారో మనకు తెలుసు. ఆ తగవు ఇంకా ముదిరి ఉంటే? రష్యా 2022 మార్చిలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను అలాగే ఆపేసింది. మన పిల్లల పుట్టినరోజు ఫొటోలన్నీ ఇప్పుడు ఏ దేశపు సర్వరుల్లో ఉన్నాయో ఒక్కసారి ఆలోచించండి.

సింగ్‌నగర్_ఝాన్సీ

మాస్టారి మాటకు నాకు ఎదురు మాట ఒకటి ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంట్లోకి వచ్చింది. నడుము పైకి నీళ్లు. పెళ్లి ఆల్బం, మా మామగారి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, రెండు ఫోన్లు అన్నీ బురదలో కలిశాయి. ఈరోజు మా దగ్గర మిగిలినవన్నీ ఫేస్‌బుక్‌లో, గూగుల్‌లో పెట్టినవే. ఇంట్లో దాచుకున్నది పోయి, ఎక్కడో పరాయి దేశంలో దాచినది మిగిలింది. అందుకే విదేశీ యాప్ అనగానే నాకు భయం కంటే ముందు కృతజ్ఞత కలుగుతుంది.

లెక్కలమాస్టారు_సత్యనారాయణపురం

అమ్మా ఝాన్సీ, మీ అనుభవం ముందు నా వాదన వాదనగానే మిగిలిపోతుంది. రెండు చోట్లా దాచుకోవాలని మాత్రం అంటాను.

పటమట_రవి

నేపాల్‌లో 2025 సెప్టెంబరులో 26 వేదికలను ఒకేసారి ఆపారు, నాలుగైదు రోజుల్లో ప్రధాని రాజీనామా చేశారు. మన దగ్గర ఎవరూ వీధిలోకి రాలేదు. ప్రజలు ఒప్పుకున్నట్లే కదా?

బ్రాడీపేట_న్యాయవాది

ఆ పోలిక కుదరదు రవి గారూ. నేపాల్ ఆపినది రిజిస్టరు చేసుకోలేదన్న కారణంతో, దాదాపు అన్ని వేదికలనూ. విదేశాల్లో పనిచేసే పిల్లలతో తల్లిదండ్రులు మాట్లాడుకునే దారులు కూడా అందులో మూతపడ్డాయి. అవినీతి మీద ఉన్న కోపం దానికి తోడైంది. నిరసనల మొదటి రోజునే కనీసం 19 మంది చనిపోయారు. మన దగ్గర మూసినవాటికి బదులు వేరేవి వెంటనే దొరికాయి, పైగా గల్వాన్ దుఃఖం తాజాగా ఉంది. వీధిలోకి రానివారందరూ ఒప్పుకున్నట్లు కాదు. మంగళగిరి చెల్లెలు ఏ వీధిలోకి వచ్చి ఏమని అడుగుతుంది?

పద్మ గారికి ఉపయోగపడే విషయం ఒకటి మిగిలింది. 2019 నాటి డేటా రక్షణ బిల్లులో, మన సమాచారాన్ని ఒక సంస్థ నుంచి మనమే తీసుకుని వేరే చోటికి మార్చుకునే హక్కు ఉండేది. 2023లో చట్టమై వచ్చినప్పుడు ఆ హక్కు లేదు. అయితే మనం చనిపోతే, చట్టం ఇచ్చిన మిగతా హక్కులను మన తరఫున వాడుకునే మనిషిని ముందే నియమించుకునే వీలు 14వ సెక్షనులో పెట్టారు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైనవి దశలవారీగా అమల్లోకి వస్తాయి. ఆ సెక్షను అమల్లోకి వచ్చాక, బ్యాంకు ఖాతాకు నామినీ పేరు రాసినట్లే ఇంట్లో పెద్దవారి చేత దీనికీ రాయించండి. తీసేసిన ఆ హక్కును మళ్లీ చేర్చమని మన ఎంపీలను అడగాలి. నేను రాస్తున్నాను, నాతో కలిసేవారు విడిగా సందేశం పంపండి.

తేజమిర్చి_గుంటూరు

నా పేరు రాసుకోండి సార్.

గుంటమగ్గం_మంగళగిరి

నాది కూడా. మా వీధిలో ఇంకో ఐదు మగ్గాలవారిని అడుగుతాను.

మాజీసైనికుడు_గుణదల

నిషేధం సరైనదేనన్న నా అభిప్రాయంలో మార్పు లేదు. అయినా ఆ ఉత్తరంలో, భద్రత కారణంగా మూసే సందర్భంలో పౌరుల సొంత సమాచారాన్ని తిరిగి ఇప్పించే ఏర్పాటు ఆదేశంలోనే ఉండాలని రాస్తే నేనూ సంతకం పెడతాను. మా రెజిమెంటులో వీరమరణం పొందినవాడి పెట్టెను కూడా తాళం వేసి ఇంటికి చేర్చేవాళ్లం.

డాలస్_గుంటూరబ్బాయి

పద్మ గారూ, ఖాతా దొరికింది. ముఖచిత్రంలో తులసి కోట ఉన్నదే కదా? నాకు 31 వీడియోలు కనిపిస్తున్నాయి. మరికొన్ని ఆమె తనకు మాత్రమే కనిపించేలా పెట్టుకుని ఉండవచ్చు, అవి నాకు తెరుచుకోవు. ఉన్నవన్నీ దింపి మీ ఈమెయిలుకు పంపాను. మొదటి దానిలో ఆమె పాట మొదలుపెట్టి, కుక్కరు కూత వినిపించగానే లోపలికి వెళ్లి వచ్చి మళ్లీ అందుకున్నారు. మా అమ్మ కూడా అంతే చేస్తుంది.

సింగ్‌నగర్_ఝాన్సీ

తమ్ముడూ, నీ కడుపు చల్లగా ఉండాలి.

పద్మ_కృష్ణలంక

నిన్న రాత్రి అందరం కలిసి చూశాము. అన్నయ్య మధ్యలో లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. ఆమె కూర్చున్న చోటు అదే.

అప్పట్లో ఆ యాప్‌లో ఒక వీడియో ఒక్క నిమిషానికి మించకూడదట. అందుకని అమ్మ అప్పగింతల పాటను నాలుగు ముక్కలుగా పాడి పెట్టింది. ఒకటి, రెండు, నాలుగు వచ్చాయి. మూడోది లేదు. పిల్ల గడప దాటే చోటు వరకు ఉంది, ఆ తరువాత ఆడపడుచు చేతికి పసుపు కుంకుమలు ఇచ్చే చోట మళ్లీ మొదలవుతుంది. మధ్యలో తండ్రి ఏదో చెబుతాడని గుర్తుంది కానీ మాటలు గుర్తు లేవు. దివిసీమవారు ఎవరైనా ఉంటే వారి ఇళ్లలో పెద్దవారిని అడుగుతారా?

సెల్లుమెకానిక్_బాషా

ఆ మూడో ముక్క ఫోనులో ఉండవచ్చు. తెర మార్చి చూద్దాం. మంగళవారం మధ్యాహ్నం తీసుకురండి అక్కా, డబ్బు మాట ఎత్తవద్దు.

గుంటమగ్గం_మంగళగిరి

మా అత్తగారిది నాగాయలంక. ఇప్పుడు మీ టపా చదివి వినిపిస్తే, తండ్రి మాట దగ్గర మొదలుపెట్టి రెండు చరణాలు పాడింది. మూడోది ఆమెకు తట్టడం లేదు, వాళ్ల అక్కకు ఫోను చేసి అడుగుతానంటోంది. ఈలోపు ఈ రెండూ రికార్డు చేసి పంపుతున్నాను, మీ అమ్మగారి వరసతో కలుస్తుందో లేదో విని చెప్పండి.